కాలిపోయిన నాదం మళ్ళీ వినగలమా?
(పైపు ఆర్గాన్, కంప్యూటర్ - ఒక సైన్సు పాఠం)



సంక్రాంతి సెలవులకు ముందు ఒక ఆదివారం సాయంత్రం మా హాస్టల్‌కు ఒక అన్న వచ్చారు. ఆయన ఈ హాస్టల్‌లోనే ఉండి పదవ తరగతి పాసై, ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు. వెంట ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న కీబోర్డు, రెండు స్పీకర్లు తెచ్చారు. వార్డెన్ సార్ అనుమతి తీసుకొని స్టడీ హాలులో అందరమూ కూర్చున్నాం. అన్న ఒక్క మెట్టు నొక్కగానే హాలంతా నిండిపోయే శబ్దం వచ్చింది. వేలు తీసిన తరువాత కూడా అది వెంటనే ఆగలేదు. ఎక్కడో ఎత్తైన కప్పు కింద తిరిగి తిరిగి మెల్లగా అణగిపోయింది. మా స్టడీ హాలుది రేకుల కప్పు. అక్కడ అలాంటి మోత ఎన్నడూ పుట్టలేదు.

"ఇది హార్మోనియమా అన్నా?" అని కొందరం అడిగాం. "కాదురా, చర్చిలో వాయించేది" అని మరికొందరం అన్నాం. అన్న నవ్వి, "ఇది యూరపులో ఒక పాత చర్చిలో ఉన్న పైపు ఆర్గాన్. మీరు వాద్యాన్ని ఒక్కదాన్నే వినలేదు, అది ఉన్న భవనాన్ని కూడా విన్నారు" అన్నారు. అంత పెద్ద చర్చి ఇంత చిన్న పెట్టెలోకి ఎలా వచ్చింది? అసలు ఎందుకు తేవలసి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు అన్న చెప్పినదీ, ఆ తరువాత ట్యూటర్ సార్ సహాయంతో మేము చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ పాఠం వ్రాస్తున్నాం.

పైపు ఆర్గాన్ అంటే ఏమిటి?

హార్మోనియం మనందరికీ తెలుసు. ఒక చేత్తో తిత్తిని ఆడిస్తే గాలి పుడుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి లోపలి ఇత్తడి రీడు గుండా పోయి స్వరం పలుకుతుంది. పైపు ఆర్గాన్‌లో కూడా తిత్తులు, మెట్లు ఉంటాయి. అయితే రీడుల పెట్టెకు బదులుగా వందల, వేల గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. ఆ గొట్టాలను కర్రతో గాని, తగరం, సీసం కలిపిన లోహంతో గాని చేస్తారు.

ఈ గొట్టాలు రెండు జాతులు. మొదటి జాతి పిల్లనగ్రోవి వంటిది. గాలి ఒక అంచుకు తగిలి గొట్టంలోని గాలిస్తంభం కంపిస్తుంది. రెండవ జాతి సన్నాయి వంటిది. గొట్టం అడుగున ఒక నాలుక ఉండి అది కొట్టుకుంటుంది. ఈ వాద్యానికి మూలపురుషుడు క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో ఉన్న టెసీబియస్ అనే యంత్రకారుడు. గాలి ఒత్తిడి నిలకడగా ఉండడానికి అతడు నీటి బరువును వాడాడు. తరువాత కొలిమి తిత్తులవంటి పెద్ద తిత్తులు వచ్చాయి. కరెంటు రాకముందు వాటిని మనుషులే కాళ్ళతో తొక్కేవారు. వాయించేవాడు ఒకడైతే, వెనుక తిత్తి తొక్కేవాళ్ళు నలుగురైదుగురు కూడా ఉండేవారు. వాళ్ళ పేర్లు చరిత్రలో లేవు. వాళ్ళు లేకపోతే మాత్రం ఒక్క స్వరం కూడా పలకదు.

వాయించేవాడి పక్కన కొన్ని గుబ్బలు ఉంటాయి. వీటిని స్టాప్‌లు అంటారు. ఒక్కొక్క స్టాప్ ఒక్కొక్క గొట్టాల వరుసకు చెందినది. ఒక వరుసలో ప్రతి మెట్టుకు సాధారణంగా ఒక గొట్టం ఉంటుంది. మెట్లు 50, స్టాప్‌లు 20 అనుకుంటే గొట్టాలు 1,000. ఇది ఒక చిన్న చర్చి లెక్క. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో సెయింట్ జాకబ్ చర్చికి ఆర్ప్ ష్నిట్గర్ అనే శిల్పి 1693లో పూర్తి చేసిన ఆర్గాన్‌కు 60 స్టాప్‌లు, సుమారు 4,000 గొట్టాలు ఉన్నాయి.

గొట్టం పొడవు - స్వరం

సైన్సు పుస్తకంలో చదివే సూత్రం ఇక్కడ పనికివస్తుంది. రెండు చివరలూ తెరచిన గొట్టానికి,

పౌనఃపున్యం = ధ్వని వేగం ÷ (2 × గొట్టం పొడవు)

గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు. సెకనుకు 65.4 కంపనాలు గల స్వరం కావాలంటే 343 ÷ 130.8 = 2.62 మీటర్ల గొట్టం కావాలి. నిజానికి ఆర్గాన్‌లో ఈ స్వరానికి వాడే గొట్టాన్ని "8 అడుగుల గొట్టం" అంటారు. 8 అడుగులంటే 2.44 మీటర్లే. మిగిలినది ఏమైంది? గాలి కంపనం గొట్టం చివర దాటి కొంచెం బయటకు కూడా సాగుతుంది. అందువల్ల గొట్టం లెక్కకన్నా పొట్టిగా ఉన్నా సరిపోతుంది. పెద్ద ఆర్గాన్లలో 32 అడుగుల గొట్టాలు కూడా ఉంటాయి. వాటి అన్నిటికన్నా కింది స్వరం సెకనుకు సుమారు 16 కంపనాలు. అది చెవికి వినబడడం కంటే ఛాతీకి తెలుస్తుంది. అదే వాద్యంలో పెన్సిలంత గొట్టాలు కూడా ఉంటాయి.

మీరే చేసి చూడండి. పెన్ను మూతను పెదవికి ఆనించి ఊదండి. అది ఒక చివర మూసిన గొట్టం. రెండు చివరలూ తెరచి, అంతే పొడవు ఉన్న గొట్టం కంటే దాని స్వరం దాదాపు సగం పౌనఃపున్యంలో వస్తుంది. ఆర్గాన్ శిల్పులు చోటు చాలని చోట ఈ కిటుకునే వాడతారు.

ఏ రెండు ఆర్గాన్లూ ఒకటి కావు

ఒకే స్వరాన్ని పిల్లనగ్రోవి, సన్నాయి, వీణ పలికినా మనం కళ్ళు మూసుకొని గుర్తుపడతాం. కారణం ఏమిటంటే, ప్రతి స్వరంలోనూ మూల కంపనంతోపాటు దానికి 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు ఉన్న అనుస్వరాలు కూడా కలిసి ఉంటాయి. వాటి పాళ్ళు మారితే గొంతు మారుతుంది. ఆర్గాన్ గొట్టం విషయంలో ఈ పాళ్ళను గొట్టం లావు, లోహం, అంచు కోసిన తీరు నిర్ణయిస్తాయి. శిల్పి ప్రతి గొట్టాన్నీ చేత్తో చెక్కి, ఊది, మళ్ళీ సవరిస్తాడు. అందుచేత పక్కపక్క గొట్టాలు కూడా కవల పిల్లల్లాగా కొంచెం తేడాతోనే ఉంటాయి.

ఇంకో మూడు విషయాలున్నాయి. మొదటిది శ్రుతి. ఈనాడు సర్వసాధారణంగా ఒక స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు శ్రుతి చేస్తారు. సెయింట్ జాకబ్ ఆర్గాన్‌లో అదే స్వరం సుమారు 495 కంపనాలు. రెండవది స్వరాల మధ్య దూరాలు. ఇప్పటి కీబోర్డులో 12 మెట్లనూ సమానంగా పంచుతారు. దానివల్ల షడ్జమానికి అంతర గాంధారానికి నిష్పత్తి 1.26 వస్తుంది. చెవికి హాయిగా కలిసే నిష్పత్తి 5కు 4, అనగా 1.25. చాలా పాత ఆర్గాన్లలో కొన్ని స్వరాలను ఈ స్వచ్ఛమైన నిష్పత్తికి దగ్గరగా ఉంచి, మిగిలిన స్వరాలలో కొంత బాధ ఓర్చుకునేవారు. మూడవది భవనం. వేసవి సెలవులకు ముందు మా ట్రంకు పెట్టెలు, పరుపులు అన్నీ తీసేసిన గదిలో చప్పట్లు కొడితే గది మోగుతుంది. సామాను ఉన్నప్పుడు మోగదు. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న పెద్ద చర్చిలో ఈ మోత కొన్ని సెకన్లపాటు నిలుస్తుంది. దీనినే ప్రతినాదం అంటారు. ఆర్గాన్ శిల్పి ఆ భవనాన్ని లెక్కలోకి తీసుకొనే గొట్టాలు సవరిస్తాడు. ఆ విధంగా చర్చి కూడా వాద్యంలో ఒక భాగమే.

ఉచిత వసతితో చదివిన ఒక అబ్బాయి

ఇక్కడ ఒక కథ చెప్పుకోవాలి. జోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్ళకు తల్లి, ఆ మరుసటి సంవత్సరమే తండ్రి చనిపోయారు. అన్నగారింట పెరిగాడు. 1700లో, 15 ఏళ్ళ వయసులో, లూనెబర్గ్ పట్టణంలోని సెయింట్ మైకేల్ పాఠశాలలో చేరాడు. మంచి గొంతు ఉన్న పేద పిల్లలకు అక్కడ గాయక బృందంలో పాడినందుకు చదువు, తిండి, వసతి ఉచితం. ఇది చదివినప్పుడు మేమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ప్రపంచమంతా తలచే సంగీతకారుడు కూడా మనలాగే వరుసలో నిలబడి భోజనం పెట్టించుకున్నవాడే!

లూనెబర్గ్‌లో ఉండగానే అతడు హాంబర్గ్ వెళ్ళి అక్కడి సెయింట్ కేథరిన్ చర్చిలో పెద్ద ఆర్గాన్ విన్నాడు. 20 ఏళ్ళ వయసులో ఆర్న్‌స్టాట్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ, 1705లో నాలుగు వారాలు సెలవు పెట్టి, సుమారు 400 కిలోమీటర్లు నడిచి ల్యూబెక్ నగరం చేరుకున్నాడు. ఎందుకంటే అక్కడి సెయింట్ మేరీ చర్చిలో బుక్స్టెహూడె అనే పెద్దాయన ఆర్గాన్ వాయిస్తున్నాడు. ఆ నాదం వినాలంటే అక్కడికి వెళ్ళడం తప్ప వేరే దారి లేదు. వెళ్ళినవాడు నాలుగు వారాలకు బదులు దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగి వచ్చాక అధికారులు సంజాయిషీ అడిగారు.

1720లో ఇదే బాఖ్ మనం పైన చెప్పుకున్న సెయింట్ జాకబ్ చర్చిలో ఉద్యోగానికి ప్రయత్నించాడు. ఆ ఉద్యోగం చర్చికి 4,000 మార్కులు చెల్లించిన మరొకరికి దక్కింది. ప్రతిభ ఒక్కటే చాలని రోజులు ఆ దేశంలో కూడా ఉండేవన్నమాట!

నాదం ఎలా చచ్చిపోతుంది?

బాఖ్ నడిచి వెళ్ళిన ఆ చర్చిలోని పాత ఆర్గాన్లను ఇప్పుడు వినగలమా? వినలేం. 1942 మార్చి 28 రాత్రి రెండవ ప్రపంచ యుద్ధంలో ల్యూబెక్ మీద విమానాలు బాంబులు వేశాయి. సెయింట్ మేరీ చర్చి తగలబడింది. అందులోని పెద్ద ఆర్గాన్, 15వ శతాబ్దం నాటి మరో ఆర్గాన్ రెండూ బూడిదయ్యాయి. 1943 జూలైలో హాంబర్గ్ మీద పడిన బాంబులకు సెయింట్ కేథరిన్ ఆర్గాన్ కూడా కాలిపోయింది. ముందుగా తీసి దాచిన కొన్ని వందల గొట్టాలు మాత్రం మిగిలాయి. వాటిని, పాత కాగితాలను ఆధారం చేసుకొని ఆ ఆర్గాన్‌ను తిరిగి కట్టి 2013లో పూర్తి చేశారు.

సెయింట్ జాకబ్ ఆర్గాన్ మాత్రం బ్రతికింది. 1944లో చర్చి కాలిపోకముందే గొట్టాలను విప్పి భద్రపరిచారు కాబట్టి. అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, దాని ముందు వరుసలోని తగరపు గొట్టాలను యుద్ధ అవసరాలకు కరిగించారు. సంగీతం ఇచ్చిన లోహం యుద్ధానికి పోయింది.

ఇవి పాత సంగతులని అనుకోవద్దు. 2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చి కప్పు కాలిపోయింది. సుమారు 8,000 గొట్టాలున్న దాని పెద్ద ఆర్గాన్ మంటలకు చిక్కలేదు గాని, కప్పు నుండి రాలిన సీసపు దుమ్ముతో నిండిపోయింది. 2020లో దానిని విప్పి, గొట్టం గొట్టం శుభ్రం చేసి, మళ్ళీ బిగించారు. 2024 డిసెంబరులో చర్చి తెరిచిన రోజు అది మళ్ళీ పలికింది. ఫ్రాన్సులోనే నాంత్ నగరపు పెద్ద చర్చికి అంత అదృష్టం లేదు. 2020 జూలై 18న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1621లో మొదలైన చరిత్ర గల పెద్ద ఆర్గాన్ పూర్తిగా నాశనమయింది. నాలుగు వందల ఏళ్ళ గొంతు ఒక్క ఉదయంలో మూగబోయింది.

కర్ర, మెత్తని లోహం, తోలు తిత్తులు - ఇవన్నీ మంటకు, తేమకు, పురుగుకు లోకువ. అందుకే ఆ గొంతును వేరే చోట కూడా భద్రపరచాలనే ఆలోచన వచ్చింది.

మొదటి ప్రయత్నాలు

1935లో అమెరికాలో లారెన్స్ హామండ్ ఒక విద్యుత్ ఆర్గాన్ విడుదల చేశాడు. అందులో పళ్ళ చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతూ శుద్ధమైన కంపనాలను పుట్టిస్తాయి. వాటిని అనుస్వరాల లాగా తగిన పాళ్ళలో కలిపితే రకరకాల గొంతులు వస్తాయి. ఇది పైపు ఆర్గాన్‌తో సమానమని కంపెనీ ప్రచారం చేసింది. దానిమీద ప్రభుత్వ వాణిజ్య సంస్థ విచారణ జరిపింది. షికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థనా మందిరంలో రెండు వాద్యాలనూ తెర చాటున వాయించి చూశారు. విన్నవాళ్ళలో పలువురు పొరబడ్డారు. అయినా 1938లో ఆ సంస్థ అటువంటి ప్రచారం మానుకోమని ఆదేశించింది.

మరి లోపం ఎక్కడ ఉంది? నిజమైన గొట్టం పలకడం మొదలుపెట్టేటప్పుడు ఒక చిన్న "చిఫ్" అనే గాలి చప్పుడు వస్తుంది. ఆ తరువాత అనుస్వరాలు ఒకదాని వెంట ఒకటి చేరతాయి. గాలి కొంచెం వణుకుతుంది. చక్రం తిరిగినంత నిలకడగా గొట్టం ఎప్పుడూ పలకదు. మన చెవి ఆ చిన్న చిన్న తేడాలనే ప్రాణంగా గుర్తిస్తుంది.

1971లో అలెన్ అనే అమెరికా కంపెనీ ధ్వని తరంగపు ఆకారాన్ని అంకెలుగా దాచే డిజిటల్ ఆర్గాన్‌ను అమ్మకానికి తెచ్చింది. అయితే ఆనాటి జ్ఞాపకశక్తి చాలా తక్కువ. తరంగంలో ఒక చిన్న ముక్కను దాచి దానినే మళ్ళీ మళ్ళీ తిప్పవలసి వచ్చేది. కంప్యూటర్ల జ్ఞాపకశక్తి పెరిగిన తరువాత, 2002లో హాప్ట్‌వెర్క్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆర్గాన్‌లోని ముఖ్య భాగానికి జర్మన్ భాషలో ఉన్న పేరే అది. తరువాత గ్రాండ్‌ఆర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. మా అన్న వాడినది ఈ ఉచితమైనదే.

గొట్టం గొట్టం నమోదు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. చర్చిలో ఎవరో వాయించిన పాటను రికార్డు చేస్తే ఆ పాట ఒక్కటే వినగలం. మనకు నచ్చినది వాయించాలంటే ప్రతి గొట్టాన్నీ విడివిడిగా రికార్డు చేయాలి. ఆ పద్ధతి ఇది.

1. రోడ్డు మీద బండ్లు తగ్గే సమయం కావాలి కాబట్టి ఎక్కువగా రాత్రిపూట పని చేస్తారు. మైకులను చర్చిలో సరియైన చోట్ల నిలుపుతారు.

2. ఒక స్టాప్ తీసి, మొదటి మెట్టు కొన్ని సెకన్లు నొక్కి వదులుతారు. మోత పూర్తిగా అణగేదాకా ఎవరూ కదలరాదు, దగ్గరాదు. తరువాత రెండవ మెట్టు. అలా ప్రతి స్టాప్‌కూ.

3. అదే మెట్టును చాలా కొద్దిసేపు నొక్కి వదిలి ఒకసారి, కొంచెం ఎక్కువసేపు నొక్కి మరోసారి రికార్డు చేస్తారు. ఎందుకు? కొద్దిసేపు నొక్కితే శబ్దం భవనమంతా నిండదు, కాబట్టి వదిలిన తరువాత వచ్చే మోత వేరుగా ఉంటుంది. ఈ ఒక్క విషయం మరచిపోతే వేగంగా వాయించే పాటలో మోత అబద్ధంగా వినిపిస్తుంది.

4. గాలి మోటారు హోరు, మెట్ల టకటక, స్టాప్ లాగిన చప్పుడు విడిగా రికార్డు చేస్తారు. తరువాత కంప్యూటర్‌లో స్వరాలనుండి హోరును తగ్గిస్తారు.

5. మెట్టును ఎంతసేపైనా నొక్కి ఉంచవచ్చు. రికార్డు మాత్రం కొన్ని సెకన్లే. అందుకని తరంగంలో ఒకదానికొకటి అతుకు తెలియకుండా కలిసే రెండు చోట్లను వెతికి, మధ్య భాగాన్ని తిప్పుతారు.

ఈ పనికి ఉష్ణోగ్రత పెద్ద శత్రువు. ధ్వని వేగం ప్రతి డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. 10 డిగ్రీల వద్ద 337 మీటర్లు, 30 డిగ్రీల వద్ద 349 మీటర్లు. గొట్టం పొడవు దాదాపు మారదు కాబట్టి స్వరం 3.5 శాతం పైకి పోతుంది. ఇది పక్క మెట్టుకు ఉన్న దూరంలో సగానికి పైనే! సగం ఆర్గాన్‌ను చలికాలంలో, సగం ఎండాకాలంలో రికార్డు చేస్తే రెండూ శ్రుతి కలవవు.

ఒక చిన్న లెక్క

కంప్యూటర్ ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా వ్రాసుకుంటుంది. సెకనుకు 48,000 కొలతలు, ఒక్కొక్క కొలతకు 3 బైట్లు, కుడి ఎడమ రెండు మార్గాలు అనుకుందాం.

48,000 × 3 × 2 = 2,88,000 బైట్లు (ఒక సెకనుకు)

ఒక గొట్టానికి పలికే భాగం 8 సెకన్లు, మూడు రకాల మోతలు ఒక్కొక్కటి 4 సెకన్లు, మొత్తం 20 సెకన్లు.

2,88,000 × 20 = 57,60,000 బైట్లు

1,000 గొట్టాలకు 5.76 గిగాబైట్లు. అనగా 700 మెగాబైట్ల సీడీలు తొమ్మిది కావాలి. 4,000 గొట్టాలకు సుమారు 23 గిగాబైట్లు. ఇక సమయం చూస్తే, 1,000 గొట్టాలకు శబ్దమే 20,000 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు. మధ్యలో కుక్క మొరిగినా, తలుపు కిర్రుమన్నా మళ్ళీ మొదలు. అందుకే పని చాలా రాత్రులు సాగుతుంది.

వాయించేటప్పుడు కంప్యూటర్ ఏం చేస్తుంది?

8 వేళ్ళతో 12 స్టాప్‌లు తీసి వాయిస్తే ఒకేసారి 96 గొట్టాలు పలకాలి. అంతకుముందు వదిలిన స్వరాల మోతలు ఇంకా అణగలేదు, వాటిని కూడా కలపాలి. ఇదంతా మెట్టు నొక్కిన కొన్ని మిల్లీసెకన్లలో జరగాలి. దీనికితోడు, ఎక్కువ గొట్టాలు ఒక్కసారి గాలి తాగితే తిత్తిలో ఒత్తిడి తగ్గి నాదం కొంచెం కుంగుతుంది. ఆ కుంగుబాటును కూడా కొన్ని సాఫ్ట్‌వేర్లు లెక్కగట్టి చూపుతాయి.

రికార్డులే లేకుండా, గొట్టంలో గాలి కదలికకు సంబంధించిన సమీకరణాలను అప్పటికప్పుడు సాధించి ధ్వని పుట్టించే పద్ధతి కూడా ఉంది. 2019లో వచ్చిన ఆర్గాన్‌టెక్ అటువంటిది. దీనికి జ్ఞాపకశక్తి తక్కువ, లెక్క ఎక్కువ. అయితే ఒక ఫలానా పాత ఆర్గాన్ గొంతు కావాలంటే రికార్డుకే ఎక్కువ విలువ.

ఏది రాదు?

నిజాయితీగా చెప్పాలంటే పెట్టెలోకి రానివి కూడా చాలా ఉన్నాయి. మా అన్న తెచ్చిన స్పీకర్లు సెకనుకు 16 కంపనాల స్వరాన్ని పలకలేవు. రికార్డు కూడా ఆ కొన్ని రాత్రుల, ఆ మైకులు నిలిపిన చోటి నాదమే. చర్చిలో నడుస్తూ వింటే అడుగడుక్కూ నాదం మారుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, గొట్టం చెక్కే చేతి పని. 2017లో జర్మనీ ఆర్గాన్ శిల్పాన్ని, సంగీతాన్ని యునెస్కో మానవజాతి అభౌతిక వారసత్వంలో చేర్చింది. ఆ విద్య గురువు దగ్గర నేర్చుకునేదే గాని కంప్యూటర్ నుండి దింపుకునేది కాదు. నోత్ర్ దామ్ గొట్టాలను మళ్ళీ పలికించినది ఆ చేతులే.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. కాలిపోకముందు ఎవరైనా ఓపికగా గొట్టం గొట్టం నమోదు చేసి ఉంటే ఆ నాదాన్ని చాలా దగ్గరగా మళ్ళీ వినగలం. చేయకపోతే ఎంత గొప్ప కంప్యూటర్ అయినా ఊహించి చెప్పవలసిందే. ల్యూబెక్ చర్చి ఆర్గాన్ల విషయంలో జరిగినది ఇదే. 1942లో గొట్టాలను ఇలా నమోదు చేసే పద్ధతే లేదు. ఈనాడు ఉంది. కనుక ఈనాడు పోగొట్టుకుంటే తప్పు యంత్రానిది కాదు, మనది.

ముగింపు

అన్న వెళ్ళిన రాత్రి మేము పడుకోబోయే ముందు ఒక మాట అనుకున్నాం. మా తాతల కాలంలో ఊళ్ళో వినిపించిన పన్నెండు మెట్ల కిన్నెరను మాలో చాలామంది ఒక్కసారి కూడా దగ్గరగా వినలేదు. పెళ్ళిళ్ళలో సన్నాయికి బదులు సౌండు బాక్సులు వచ్చాయి. ఒక్కొక్క మెట్టు, ఒక్కొక్క దెబ్బ, దానిని వాయించే తాత పేరు, ఊరు, సంవత్సరం - ఇవి వ్రాసి పెట్టుకోవడానికి చర్చి అంత భవనం అక్కరలేదు. ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, శబ్దం చేయకుండా కూర్చునే నలుగురు పిల్లలు చాలు. ఈ వేసవి సెలవుల్లో మా ఊళ్ళలో ఆ పని మొదలుపెట్టాలని పదవ తరగతి వాళ్ళమంతా నిశ్చయించుకున్నాం. మీరు కూడా మొదలుపెట్టండి.

మూడు వందల ఏళ్ళ క్రితం ఒక యువ సంగీతకారుడు నాదం కోసం 400 కిలోమీటర్లు నడిచాడు. ఇప్పుడు నాదమే నడిచి మా హాస్టల్‌కు వచ్చింది. 

మీకు మీరే ప్రశ్నించుకోండి

1. పౌనఃపున్యం 130.8 ఉన్న స్వరానికి తెరచిన గొట్టం పొడవు ఎంత ఉండాలి? (ధ్వని వేగం 343 మీటర్లు)

2. ఒకే మెట్టును తక్కువసేపు, ఎక్కువసేపు నొక్కి విడివిడిగా ఎందుకు రికార్డు చేస్తారు?

3. 2,500 గొట్టాలున్న ఆర్గాన్‌కు పై లెక్క ప్రకారం ఎన్ని గిగాబైట్లు కావాలి?

4. మీ ఊళ్ళో రేపు వినబడకపోవచ్చని మీరు అనుకునే ఒక శబ్దం ఏది? దానిని ఎలా నమోదు చేస్తారు?

(జవాబులు: 1. సుమారు 1.31 మీటర్లు. 2. మోత వేరుగా ఉంటుంది కనుక. 3. 14.4 గిగాబైట్లు. 4. మీరే వ్రాయండి.)